పోటుపాటుల నడుమ కోరంగి

విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా, దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒక్కటే అయినా నేల స్వభావం పూర్తిగా మారిపోతుంది. విశాఖ వద్ద తూర్పు కనుమల కొండలు సముద్రంలోకి చొచ్చుకువచ్చి, డాల్ఫిన్స్ నోస్ వంటి రాతి కొమ్ములుగా నిలిచి, ఒడ్డుకు దగ్గరలోనే లోతైన నీటిని ఇస్తాయి. కాకినాడకు దక్షిణాన మాత్రం గోదావరి వేల ఏళ్లుగా తన ఒండ్రును సముద్రంలో పరుస్తూ వచ్చినందువల్ల, నేల ఎక్కడ ముగిసిందో నీరు ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, తాళ్లరేవు మండలంలో, ఆ తడినేల అంచున ఉన్న చిన్న ఊరు కోరంగి. ఒకప్పుడు ఓడల రేవుగా ప్రపంచానికి తెలిసిన ఈ ఊరికి నేడు జనం మడ అడవిని చూడడానికే వస్తున్నారు. అయితే ఆ రేవు ఎందుకు పోయిందో, ఈ అడవి ఎందుకు నిలిచిందో రెండూ తెలిస్తేనే ఆ ప్రయాణం సార్థకమవుతుంది.

చంద్రసూర్యుల ఆకర్షణ వల్ల సముద్రపు నీరు రోజుకు రెండుసార్లు పెరగడాన్ని పోటు అని, తగ్గడాన్ని పాటు అని అంటారు. ఒక పోటుకూ మరో పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాల వ్యవధి ఉంటుంది కనుక పోటు వేళ రోజురోజుకూ ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి రోజులకు అటూ ఇటూ నీటి హెచ్చుతగ్గులు ఎక్కువగా కనిపిస్తాయి. ఈ తీరంలో ఆ తేడా పెద్ద పోట్ల నాడు కూడా సుమారు ఒకటిన్నర మీటర్లే. విశాఖ ఇసుక ఒడ్డున అది కొన్ని అడుగుల తేడాగా కనిపించి మరపున పడుతుంది గాని, కోరంగి చుట్టూ ఉన్న బల్లపరుపు బురదనేల మీద అంతమాత్రం నీరే విశాలమైన మైదానాలను ముంచి, మళ్లీ బయటపెడుతుంది. ఇక్కడి లంకలు అనేకం రోజులో కొంతసేపు నేలగానూ కొంతసేపు నీటి అడుగుగానూ ఉంటాయి.

ఇటువంటి చోట బతకగల చెట్టు మడ. ఉప్పునీటిలో నిత్యం మునిగే బురదలో గాలి ఆడదు కనుక, నల్లమడ, తెల్లమడ జాతులు తమ వేళ్లను నేలలోంచి పైకి నిటారుగా పంపి, పాటు వేళ వాటి ద్వారా గాలి పీల్చుకుంటాయి. వీటినే శ్వాసవేళ్లు అంటారు. లోపలికి చేరిన ఉప్పును తెల్లమడ ఆకుల మీదుగా విసర్జిస్తుంది. ఉప్పుపొన్న మరింత ముందుచూపు గల చెట్టు: దాని గింజ తల్లిచెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవైన మొక్కగా ఎదిగి, ఆ తరువాతే కింద బురదలోకి రాలుతుంది. ఈ వేళ్ల అల్లిక నడుమ రొయ్య పిల్లలు, పీతలు, చేపపిల్లలు పెరుగుతాయి. వాటి కోసం నీటికుక్కలు, ఫిషింగ్ క్యాట్ అని పిలిచే చేపలు పట్టే అడవిపిల్లులు, కొంగలు వస్తాయి. 1978లో 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఈ ప్రాంతాన్ని ప్రభుత్వం వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది.

అడవికి తూర్పున, కాకినాడ అఖాతానికి అడ్డుగోడలా, హోప్ దీవి ఉంది. గోదావరి సముద్రానికి అప్పగించిన ఇసుకను నైరుతి రుతుపవన కాలపు అలలు ఒడ్డు వెంట ఉత్తరానికి తోసుకుపోగా, గత రెండు శతాబ్దాల్లో పెరుగుతూ వచ్చిన సన్నని ఇసుకతిన్నె ఇది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. దాని చాటు వల్లనే కాకినాడ రేవుకు నెమ్మది నీరు దొరికింది.

కోరంగి రేవును మూసివేసిందీ ఆ గోదావరి ఒండ్రే. కలకత్తాకూ సింహళంలోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడలకు మరమ్మతు చేయగలిగిన రేవు ఇదొక్కటేనని ఆంగ్లేయుల కాలపు జిల్లా గ్రంథాలు రాశాయి. పక్కనే ఇంజరంలో ఆంగ్లేయుల వర్తక స్థావరం, యానాంలో ఫ్రెంచివారి స్థావరం ఉండేవి. 1789 డిసెంబరులో వచ్చిన తుపానులో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనుక ఒకటి విరుచుకుపడి ఊరిని తుడిచిపెట్టాయి. సైక్లోన్ అనే పేరును 1848లో ప్రచారంలోకి తెచ్చిన హెన్రీ పిడింగ్టన్ ఆ ఘోరం గురించి రాశాడు. 1839 నవంబరులో ఉప్పెన మళ్లీ ముంచింది. ప్రాణనష్టం అపారమైనా ఊరు రెండుసార్లూ లేచింది గాని, ఏటి ముఖద్వారంలో ఏటేటా పేరుకుపోయే మేటను తట్టుకోలేక వర్తకాన్ని కాకినాడకు వదులుకుంది. అయినా, బర్మాకు కూలికి వెళ్లిన తెలుగువారందరినీ రంగూన్ రేవుల్లో చాలాకాలం ఈ ఊరి పేరుతోనే పిలిచారు. అక్కడినుంచి తిరిగివచ్చినవారి గుర్తుగా విశాఖలో బర్మా క్యాంపు నేటికీ ఉంది.

పోటుపాటుల లెక్క ఇక్కడి భక్తికీ తెలిసినదే. సప్తగోదావరీ సంగమాల్లో స్నానం చేసే సప్తసాగర యాత్ర కోరంగికి దగ్గరలోని చొల్లంగిలో పుష్య బహుళ అమావాస్య నాడు మొదలై అంతర్వేదిలో ముగుస్తుంది. పెద్ద పోటు వచ్చే తిథినే తీర్థస్నానానికి ఎంచుకున్న పెద్దల పరిశీలన గౌరవించదగినది.

మడను పనికిరాని పొదగా చూసిన కాలమూ ఉంది. వంటచెరకుకు నరికారు, 1990లలో రొయ్యల చెరువుల కోసం తవ్వారు; నరికిన చోట పోటునీరు నిలిచిపోయి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుని నేల గొడ్డుబోయింది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, తీరగ్రామాల ప్రజలు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటునీరు వచ్చిపోయే దారి ఏర్పరచి, మొక్కలు నాటి అటువంటి చోట్ల అడవిని తిరిగి లేపారు. ఆ శ్రమకు ఎంత మెచ్చుకోలైనా తక్కువే, ఎందుకంటే ఉప్పెన నీటి వేగాన్ని విరిచేవి ఈ వేళ్లే. 1996 నవంబరు 6న కోనసీమ తీరాన్ని తాకిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసిన ఈ ప్రాంతంలో ఆ మాట ఎవరికీ వివరించనక్కరలేదు. ఇప్పుడు భయం మరోవైపు నుంచి వస్తోంది: ఎగువన ఆనకట్టలు పెరిగి నది తెచ్చే ఒండ్రు తగ్గినందువల్ల డెల్టా అంచు కొన్నిచోట్ల కోతకు గురవుతోంది.

విశాఖ వాసులకు ఇది పరాయి విషయం కాదు. 1933లో ప్రారంభమైన విశాఖ ఓడరేవు లోపలి భాగాన్ని ఒకనాటి ఉప్పుటేరును, పోటునీటి చిత్తడిని తవ్వి తీర్చిదిద్దారు. ఆ రేవు చుట్టూ నగరం పెరిగింది, తరువాత ఉక్కు కర్మాగారం వచ్చింది, చిత్తడినేలలో అధికభాగం కనుమరుగైంది. విశాఖ తన పునాదిలో పోగొట్టుకున్నదాన్ని కోరంగిలో ఇంకా సజీవంగా చూడవచ్చు; ఈ ఊరికి వెళ్లవలసిన ముఖ్య కారణం అదే.

విశాఖ నుంచి రైలులో సామర్లకోట వరకు వచ్చి, కాకినాడ మీదుగా రోడ్డు దారిన కోరంగి చేరవచ్చు. అభయారణ్యంలో మడచెట్ల నడుమ చెక్కబాట ఉంది. శ్వాసవేళ్లను తొక్కితే చెట్టుకు ఊపిరి ఆడదు కనుక ఆ బాట దిగకూడదు. పాటు వేళ కాలువల్లో నీరు చాలక పడవలు సాగవు, అందువల్ల ఆనాటి పోటు సమయాన్ని ముందే వాకబు చేసుకోవాలి; పాటు వేళ వెళ్లినవారికి మాత్రం పడవకు బదులు బురదలోని పీతలు, వాటిని ఏరుకునే పక్షులు కనిపిస్తాయి. వలస పక్షులు చేరే చలికాలం అన్నిటికన్నా అనువైనది. జనవరి నుంచి మార్చి దాకా హోప్ దీవి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, గుడ్లలోంచి వచ్చిన పిల్లలు రాత్రివేళ వెలుతురు కనబడిన దిక్కుకే పాకుతాయి కనుక, ఆ రోజుల్లో చీకటి పడేలోగా దీవిని విడిచి రావాలి.