తాయెత్తు తీయమన్నారని వెనుదిరగకండి

భావనపాడు నుండి ఒక తల్లి మూడేళ్ల కుమారుణ్ణి ఎత్తుకొని మా వద్దకు వచ్చింది. బాలునికి మెడ నిలవదు, కాళ్లు బిగుసుకుపోతాయి. వైద్యులు దానిని సెరిబ్రల్ పాల్సీ అని, మెదడుకు ఎం.ఆర్.ఐ. స్కానింగు చేయించమని చెప్పారు. స్కానింగు గది వద్ద మెడలోని తాయెత్తు తీయమనగానే ఆమె భయపడి వెనుదిరిగింది. "మౌల్వీ సాబ్, గ్రహణం నాడు నేను బయటికి వెళ్లినందువల్లే ఇలా అయిందని మా అత్తగారు అంటున్నారు" అని కంటతడి పెట్టింది.

దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన దినాన సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లే గ్రహణం పట్టిందని ప్రజలు అనుకోగా, ఆయన దానిని స్పష్టంగా ఖండించారు. మనం ఆ బోధను మరచి తల్లిని నిందించడం అన్యాయం.

ఎం.ఆర్.ఐ. యంత్రం ఒక పెద్ద అయస్కాంతం. లోహపు తాయెత్తును అది లాగివేయగలదు, అందుకే తీయమంటారు. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. బిడ్డ కదలకుండా ఉండాలి గనుక నిద్రమందు ఇస్తారు.

నెలలు నిండక పుట్టిన పిల్లల్లో తరచు మెదడులోని తెల్లని పొర దెబ్బతింటుంది. నిండు నెలల్లో పుట్టినా ప్రసవ సమయంలో ప్రాణవాయువు అందకపోతే, లేదా పుట్టిన తరువాత పసిరికలు ముదిరితే, మెదడు లోతుల్లోని కేంద్రాలు దెబ్బతింటాయి. దెబ్బ ఎక్కడ తగిలిందో, ఇంచుమించు ఎప్పుడు తగిలిందో చిత్రం తరచుగా చెబుతుంది. కష్టప్రసవానికీ ఈ వైకల్యానికీ సంబంధముందని ఆంగ్ల వైద్యుడు విలియం లిటిల్ 1861లోనే వివరించాడు.

అయితే స్కానింగు తీర్పు కాదు, సాక్ష్యం మాత్రమే. కొందరు పిల్లల్లో వ్యాధి ఉన్నా చిత్రంలో ఏ లోపమూ కనిపించదు. బిడ్డ ఎంతవరకు నడవగలడో కూడా అది నిశ్చయంగా చెప్పలేదు. కనుక వ్యాయామ చికిత్సను స్కానింగు కోసం ఆపరాదు. పసితనంలోనే మెదడు కొత్త మార్గాలను బాగా నేర్చుకుంటుంది.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలకు ఉచిత పరీక్షలు ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఒకటి. దానికి ధ్రువపత్రం పొందడం బిడ్డ హక్కు.

ఆ తాయెత్తు కట్టినది మా వంటివారే. కనుక తీయమని చెప్పవలసిన బాధ్యతా మాదే. "అమ్మా, దుఆ నీ నోటిలో ఉంది, దానిని ఏ అయస్కాంతమూ లాగలేదు. బిడ్డను తీసుకొని వెళ్లు" అని చెప్పి పంపాము.