పాత మోటార్ తిప్పితే కరెంట్ వస్తుందా? వైరల్ వీడియోల్లో నిజమెంత.. అబద్ధమెంత?

పాత త్రీఫేజ్ మోటార్.. దానికి మూడు కండెన్సర్లు. షాఫ్ట్ తిప్పగానే పక్కన బల్బు వెలుగుతుంది. ఇలాంటి వీడియో మీ ఫోన్లో కూడా ఎప్పుడో ఒకసారి కనిపించే ఉంటుంది. చూసినవాళ్లలో కొందరు 'ఇదంతా ఫేక్' అంటారు. ఇంకొందరు 'ఇక కరెంట్ బిల్లు కట్టక్కర్లేదు' అంటారు. అసలు విషయం ఏంటంటే.. ఇద్దరూ పొరపడుతున్నారు. బల్బు వెలగడం నిజమే. బిల్లు మాయమవడం మాత్రం అబద్ధం.

మోటార్ లోపల ఏం జరుగుతుంది?

పొలాల్లో, మిల్లుల్లో వాడే మోటార్లు చాలావరకు ఇండక్షన్ మోటార్లే. వీటి రోటర్‌లో అయస్కాంతం ఉండదు, బ్రష్‌లు ఉండవు. ఇనుప రేకుల మధ్య అల్యూమినియం కడ్డీలు మాత్రమే ఉంటాయి. నాలుగు పోల్స్ మోటార్‌కు కరెంట్ ఇస్తే లోపల అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. రోటర్ కొంచెం వెనకబడి 1440 దగ్గర నడుస్తుంది. మోటార్ మీది ప్లేటులో కనిపించే అంకె అదే.

ఇప్పుడు అదే షాఫ్ట్‌ను బయటి నుంచి ఎవరైనా 1500 దాటించి తిప్పారనుకోండి. కథ రివర్స్ అవుతుంది. కరెంట్ తినే మోటార్ కరెంట్ ఇవ్వడం మొదలెడుతుంది. డెన్మార్క్‌లో 1957లో నిలబెట్టిన 200 కిలోవాట్ల గెడ్సర్ గాలిమర ఈ పద్ధతిలోనే గ్రిడ్‌కు విద్యుత్ ఇచ్చింది.

అయితే ఇక్కడో చిక్కు ఉంది. రోటర్‌లో అయస్కాంతం లేదు కదా.. మరి ఆ క్షేత్రం ఎక్కడి నుంచి రావాలి? గ్రిడ్ ఉంటే అదే ఇస్తుంది. కరెంట్ తీగే లేని కొండ ఊళ్లో ఆ పని కండెన్సర్లు చేస్తాయి.

ఇనుములో ఎంతో కొంత పాత అయస్కాంత గుణం మిగిలి ఉంటుంది. షాఫ్ట్ తిరిగితే దాని వల్ల కొద్దిపాటి వోల్టేజ్ పుడుతుంది. అది కండెన్సర్ల గుండా కరెంట్‌ను నడుపుతుంది. ఆ కరెంట్ అయస్కాంతాన్ని ఇంకాస్త బలంగా చేస్తుంది. వోల్టేజ్ మళ్లీ పెరుగుతుంది. ఇలా కొద్ది క్షణాల్లోనే వందల వోల్టులకు చేరుతుంది. ఇనుము ఇక ఇంతకంటే అయస్కాంతం కాలేను అన్న చోట ఆగుతుంది. తనను తానే రేపుకుంటుంది కాబట్టి దీన్ని సెల్ఫ్ ఎక్సైటెడ్ ఇండక్షన్ జనరేటర్ అంటారు.

మరి 'ఫ్రీ కరెంట్' సంగతేంటి?

కండెన్సర్ పుట్టించేది అయస్కాంత క్షేత్రాన్నే, శక్తిని కాదు. బల్బుకు వెళ్లే ప్రతి వాటూ షాఫ్ట్ తిప్పినవాడు ఇచ్చిందే. కొన్ని వీడియోల్లో ఒక మోటార్ జనరేటర్‌ను తిప్పుతుంది.. ఆ జనరేటర్ మళ్లీ అదే మోటార్‌కు కరెంట్ ఇస్తుంది. లెక్క వేసి చూడండి. మోటార్ 100 వాట్లు తీసుకుని 85 ఇచ్చిందనుకుందాం. జనరేటర్ అందులో 85 శాతం ఇస్తే చేతికొచ్చేది 72 వాట్లు. బల్బు సంగతి సరే, ఆ మోటారే ఆగిపోతుంది. అలాంటి వీడియోలో టేబుల్ కింద ఎక్కడో ఓ వైరు దాగి ఉందన్నమాటే! ఈ 'కిట్'లకు డబ్బు పంపొద్దు.

తిప్పేది వాగు నీరైతే మాత్రం లెక్క వేరు. సెకనుకు 20 లీటర్ల నీరు 20 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంటే అందులో దాదాపు 3,900 వాట్ల శక్తి ఉంటుంది. దారిలో సగం పోయినా సుమారు 2 కిలోవాట్లు మిగులుతుంది. లైట్లు, టీవీ, ఫోన్ ఛార్జింగ్‌కే అయితే కొన్ని ఇళ్లకు సరిపోతుంది.

నేపాల్ ఇదే చేసింది. అక్కడ తయారైన 'పెల్ట్రిక్ సెట్'లో చిన్న పెల్టన్ చక్రం, ఇండక్షన్ జనరేటర్ ఒకే యూనిట్‌గా ఉంటాయి. కొండ మీది నుంచి పైపులో నీళ్లు తెస్తే చాలు. మోటార్ ఎక్కడైనా దొరుకుతుంది, చెడిపోతే మామూలు వైండింగ్ షాపులో బాగవుతుంది. ఖరీదైన ఆల్టర్నేటర్ కన్నా కొండ ఊళ్లకు ఇది నచ్చడానికి కారణం అదే.

అసలు తలనొప్పి లోడ్‌తో..

రాత్రి తొమ్మిదికి అందరూ లైట్లు ఆర్పేస్తే నీటి వేగం తగ్గదు కదా. టర్బైన్ ఒక్కసారిగా పరుగెత్తుతుంది, వోల్టేజ్ ఎగబాకుతుంది. అప్పటికి వెలుగుతున్న బల్బులు మాడిపోతాయి. అందుకే ఎలక్ట్రానిక్ కంట్రోలర్ పెడతారు. ఊరు వాడని కరెంట్‌ను అది హీటర్లలోకి మళ్లిస్తుంది. జనరేటర్ మీద భారం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

లోడ్ మరీ ఎక్కువైనా కష్టమే. వోల్టేజ్ కుప్పకూలుతుంది. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు వైండింగ్ కాలిపోకుండా ఈ గుణమే కాపాడుతుంది, అది వేరే విషయం. ఒక్కోసారి ఆ మిగిలిన అయస్కాంతం కూడా పోతుంది. అప్పుడు ఎంత తిప్పినా కరెంట్ రాదు. మెషిన్ ఆపి, వైండింగ్‌కు 12 వోల్టుల బ్యాటరీని కొన్ని సెకన్లు తగిలిస్తే మళ్లీ లేస్తుంది.

ఇంట్లో ప్రయత్నిస్తారా? ముందు ఇది చదవండి

వీడియోల్లో చెప్పని మాటలు ఇవే. స్టార్టింగ్ కండెన్సర్ కొన్ని సెకన్ల వాడకానికే. దాన్ని అలాగే నడిపితే పేలుతుంది. రన్నింగ్ రకమే వాడాలి, అదీ తగిన వోల్టేజ్ రేటింగ్‌తో. త్రీఫేజ్ మోటార్ అంటే 415 వోల్టులు.. మెషిన్ ఆగినా కండెన్సర్‌లో ఛార్జ్ నిలిచి ఉంటుంది, ముట్టుకుంటే ప్రాణాల మీదకొస్తుంది. అన్నిటికంటే ప్రమాదం, ఈ కరెంట్‌ను ఇంటి స్విచ్‌బోర్డు ద్వారా ఎక్కించడం. అది సర్వీస్ వైరులోంచి బయటికి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాటి వెనక్కి వెళ్తే అక్కడ వోల్టేజ్ వేలల్లోకి మారుతుంది. ఆ సమయానికి సరఫరా ఆపేశారన్న ధైర్యంతో లైన్‌మన్ స్తంభం మీద ఉండొచ్చు.