గుర్రం ఏడవదు.. ముఖం చూసి తెలుసుకోవాలి!

ఆపరేషన్ అయిపోయింది. మత్తు దిగాక బాద్‌షా మెల్లగా లేచి నిలబడ్డాడు. అరవలేదు, తన్నలేదు. ‘అమ్మయ్య, వీడికి నొప్పి లేదన్నమాట’ అనుకున్నా. నేను చేసిన మొదటి తప్పు అదే.

హైదరాబాద్ శివార్లలో వీకెండ్‌కి గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నా. బాద్‌షా అక్కడి మూడేళ్ల మగ గుర్రం. ఈ వయసులో ఆడగుర్రం కనిపిస్తే చాలు, అదుపు తప్పుతారు. అందుకే స్వారీకి వాడే మగ గుర్రాలకి చాలావరకు వృషణాలు తీయించేస్తారు. మామూలు ఆపరేషనే. అలాగని నొప్పి లేకుండా పోదు.

మరి ఎందుకు అరవదు? గుర్రం పుట్టుకతోనే వేటాడే జంతువులకి భయపడి బతికే జాతి. బలహీనంగా కనిపిస్తే ప్రాణం పోతుంది. కాబట్టి నొప్పిని దాచేస్తుంది.

ముఖానికి మార్కులు

దాచినా ముఖం పట్టిస్తుంది. 2014లో యూరప్ పరిశోధకులు సరిగ్గా ఈ ఆపరేషన్ చేయించుకున్న 40 గుర్రాల ముఖాలు చూసి ‘హార్స్ గ్రిమేస్ స్కేల్’ తయారుచేశారు. చూడాల్సినవి ఆరు: వెనక్కి బిగిసిన చెవులు, సగం మూసిన కళ్లు, కంటిపైన బిగువు, ఉబ్బిన దవడ కండరాలు, బిగబట్టిన మూతి, బిగుసుకున్న ముక్కుపుటాలు. ఒక్కోదానికి 0, 1 లేదా 2. మొత్తం 12. ఆపరేషన్ తర్వాత 8 గంటలకి చూస్తే స్కోరు పెరిగింది. ఆరు గంటలకి రెండో డోసు ఇచ్చిన గుర్రాల్లో కూడా! అంటే ఒక్క ఇంజెక్షన్‌తో పని అయిపోలేదు.

అందుకే నొప్పి మందు కోతకి ముందే మొదలుపెట్టి, తర్వాత కొన్ని రోజులు కొనసాగిస్తారు. ఫ్లునిక్సిన్, ఫినైల్‌బ్యుటజోన్, మెలాక్సికామ్.. వీటిలో ఏదో ఒకటి, డాక్టర్ చెప్పిన డోసులోనే. రెండు కలిపితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. నీళ్లు సరిగా తాగని గుర్రానికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇంట్లో ఉన్న మాత్రలు అసలే వద్దు. పశువులకి వాడిన డైక్లోఫెనాక్ వల్ల రాబందులు కుప్పకూలాయి. అందుకే 2006లో మన దేశం పశువైద్యంలో దాన్ని నిషేధించింది.

నా జాలి తెచ్చిన వాపు

మొదటి 24 గంటలు విశ్రాంతి. రక్తనాళాలు గట్టిపడాలి కదా. మర్నాటి నుంచి నడిపించాలి. ఆదివారం ఆ పని నేనే అడిగి తీసుకున్నా. తీరా వాడి ముఖం చూశాక పాపం అనిపించింది. నడిపించకుండా మెడ నిమిరి వచ్చేశా.

సోమవారం సాయంత్రం వెళ్తే కింద వాపు బాగా కనిపించింది. లాయం చూసుకునే చాచా కోప్పడలేదు. ‘జాలి పడితే వాపు దిగదు బేటా, నడిపించాలె’ అన్నాడంతే.

డాక్టర్ గారు విడమరిచి చెప్పారు. ఈ గాయాన్ని సాధారణంగా కుట్టకుండా వదిలేస్తారు, లోపలి ద్రవం కిందికి కారిపోవాలని. గుర్రం కదలకపోతే అది అక్కడే నిలిచిపోతుంది. వాపు ఎలాగూ నాలుగైదు రోజుల వరకు పెరుగుతుంది, నడకతో అదుపులో ఉంటుంది. అప్పటి నుంచి రోజుకి రెండుసార్లు, 20 నిమిషాల చొప్పున నడిపించాం. పైపుతో చల్లటి నీళ్లు పట్టాం. ఈగలు వాలకుండా చూశాం. ధనుర్వాతం గుర్రాలకి చాలా తేలిగ్గా సోకుతుంది కాబట్టి ఆ టీకా ముందే వేయించారు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

* రక్తం చుక్కలుగా కాకుండా ధారగా కారుతూ, 15 నిమిషాలైనా ఆగకపోతే
* గాయం నుంచి ఏదైనా వేలాడితే. అది పేగు కావొచ్చు. నడిపించకుండా, శుభ్రమైన తడిగుడ్డతో పట్టి ఉంచి డాక్టర్‌ని పిలవాలి
* జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ దాటితే
* దాణా ముట్టకపోతే, లద్దె వేయకపోతే, చీము వాసన వస్తే

పదో రోజుకి వాపు దాదాపు పోయింది. నేను గేటు తీయగానే బాద్‌షా చెవులు ముందుకి నిక్కబొడిచి చూశాడు. ఆరింటికీ సున్నాలే. ఇప్పుడు శనివారం వెళ్లగానే జీను దగ్గరికి పోను, ముందు వాడి ముఖం చూస్తా.