బాగానే పనిచేస్తోంది కదా!

బ్రౌజర్ అప్‌డేట్ చేయమంటే మా హాస్టల్‌లో నాకు వచ్చే జవాబు ఒక్కటే: "బాగానే పనిచేస్తోంది కదా!" పేజీ తెరుచుకోవడం వేరు, భద్రంగా తెరుచుకోవడం వేరు.

బ్రౌజర్‌లో లోపం దొరికితే కంపెనీ సరిచేసి కొత్త వెర్షన్ ఇస్తుంది. ఏం సరిచేసిందో కూడా చెబుతుంది. ఆ వివరాలు మనం చదవం, దొంగలు చదువుతారు. పాత వెర్షన్‌లో ఏ తలుపుకు గడియ లేదో చాటింపు వేసినట్టే. అందుకే అప్‌డేట్ వచ్చాక పాతదానికి ముప్పు ఇంకా పెరుగుతుంది.

2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6ను జనం ఎంతకీ వదలకపోతే, 2011లో మైక్రోసాఫ్టే దాన్ని మానేయమని ప్రచారం చేసింది. ఇక విండోస్ 7లో క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది. ఇంట్లో అలాంటి సిస్టమ్ ఉంటే అందులో నాన్న బ్యాంకు ఖాతా మాత్రం తెరవకండి.

మిగతావాళ్లకు పని చిన్నదే. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లో 'అబౌట్ గూగుల్ క్రోమ్' తెరవండి. అప్‌డేట్ దానంతటదే దిగుతుంది. కానీ రీలాంచ్ నొక్కేదాకా నడిచేది పాతదే. వారాల తరబడి ట్యాబులు మూయని మిత్రులారా, ఈ మాట మీకే!