అట్టపెట్టె మధ్యలో ఏముంది?

మాది పల్నాడు జిల్లా క్రోసూరు. మా వీధి చివర కిరాణా కొట్టు బాబాయికి చిన్నప్పుడే పోలియో వచ్చింది. కాలికి ఇనప క్యాలిపర్. "ఇది నన్ను మోయాలిరా, నేనే దీన్ని మోస్తున్నా" అంటాడు. సీఎస్‌ఈ వాణ్ణి, మెటీరియల్స్ గోల నాకెందుకు అనుకునేవాణ్ణి. మెకానికల్ రూమ్మేట్ ప్రాజెక్టుకి కోడ్ రాయాల్సొచ్చి లాటిస్ శాండ్‌విచ్‌ల మీద పడ్డా.

ఉదాహరణ బాబాయి కొట్లోనే ఉంది: అట్టపెట్టె. చింపి చూడండి. పైనొక కాగితం, కిందొక కాగితం, మధ్యలో అలలు అలలుగా ఇంకోటి. విడివిడిగా ఊదితే ఎగిరిపోతాయి, అతికిస్తే సరుకు మోస్తాయి. పలకని వంచితే పై పొర నొక్కుకుంటుంది, కింది పొర సాగుతుంది. మధ్యభాగం పని ఆ రెండిటినీ దూరంగా ఉంచడం, ఒకదాని మీద ఒకటి జారనివ్వకపోవడం, అంతే. దూరం రెట్టింపైతే వంగకుండా నిలిచే గుణం దాదాపు నాలుగు రెట్లవుతుంది, మధ్యది తేలిక కాబట్టి బరువు కొంచెమే పెరుగుతుంది. ఇస్రో ఉపగ్రహాల్లో వాడే పలకలూ ఇలాంటివే, మధ్యలో అల్యూమినియం తేనెపట్టుతో.

లాటిస్ అంటే తేనెపట్టు బదులు సన్నటి పుల్లల అల్లిక. హైటెన్షన్ కరెంటు టవర్‌ని బాగా చిన్నది చేసి వరసగా పేర్చినట్టు. నాలుగు పుల్లల చదరాన్ని తోస్తే పక్కకి ఒరుగుతుంది, త్రిభుజం ఒరగదు. పుల్ల సాగాలి లేదా నలగాలి, అంతే. మామూలు ఫోమ్‌లో సాంద్రత సగం చేస్తే గట్టిదనం దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. మంచి లాటిస్‌లో సగానికే తగ్గుతుంది.

పుల్లలు మరీ సన్ననైతే విల్లులా వంగిపోతాయి, పై పొర పలచనైతే ముడతలు పడుతుంది. అసలు చిక్కు అతుకు దగ్గర. కార్బన్ ఫైబర్ బలమంతా పోగు పొడవునా ఉంటుంది. ఆ పోగులు పుల్లలోంచి పొరలోకి కొనసాగకపోతే అక్కడ పట్టి ఉంచేది రెసిన్ ఒక్కటే. నేనేమో కోడ్‌లో అతుకులు ఎప్పటికీ ఊడవని రాసేశా. రిజల్ట్స్ అదిరిపోయాయి. "నీ పలక ల్యాప్‌టాప్‌లోనే మోస్తుందిరా" అన్నాడు రూమ్మేట్. ఇప్పుడు ఆ లెక్కే మళ్ళీ రాస్తున్నా.

హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌లో ఉన్నప్పుడు కలాం గారి బృందం, నిమ్స్ పిల్లల కోసం మూడు కిలోలు దాటే క్యాలిపర్ల స్థానంలో 300 గ్రాములవి చేసింది, అగ్ని క్షిపణికి వాడిన తేలికైన కాంపోజిట్ పరిజ్ఞానంతో. అది లాటిస్ కాదు. కానీ మొన్న సెలవులకెళ్ళి బాబాయికి చెప్పా. ఏమీ అనలేదు. పంచదార 300 గ్రాములు తూచి, పొట్లం చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.