మండీ పట్టణాలు

హిందీలోని ‘మండీ’ అనే మాటను తెలుగులో ‘అంగడి’ అని అనువదిస్తే సగం అర్థమే దక్కుతుంది. పంజాబు, హర్యానా, ఉత్తర రాజస్థాన్ ప్రాంతాలలో మండీ అంటే ధాన్యం అమ్ముడయ్యే చోటు మాత్రమే కాదు, దాని చుట్టూ పెరిగిన ఊరు కూడా.

ఈ ఊళ్ళలో అనేకం కాలువల వల్ల, రైలు మార్గాల వల్ల పుట్టినవే. 1892లో దిగువ చీనాబ్ కాలువ ప్రారంభమైన తరువాత బీడుభూముల నడుమ లయల్‌పూర్ వెలసింది. నడిబొడ్డున గడియార స్తంభం, దాని నుంచి ఎనిమిది వైపులకు ఎనిమిది బజార్లు. పాకిస్తాన్‌కు చెందిన ఈ నగరమే 1977 నుంచి ఫైసలాబాద్. సట్లెజ్ జలాలను బికనీర్ సంస్థానపు ఎడారికి చేర్చిన గంగ్ కాలువ 1927లో ప్రారంభమైంది. మహారాజా గంగాసింగ్ పేరిట శ్రీగంగానగర్ ఏర్పడింది.

మండీకి ఆయువుపట్టు ఆఢతియా. మన తెలంగాణ గంజిలలో వినవచ్చే ‘అడితిదారు’ ఇతడే. మాట కూడా ఒకటే. విత్తనాలకైనా, పిల్ల పెళ్ళికైనా రైతు అప్పు తెచ్చేది ఇతని వద్దనే, పంట దింపేదీ ఇతని దుకాణం ముందే. అప్పిచ్చినవాడే అమ్మకం కూడా జరిపిస్తే రైతుకు బేరమాడే స్వేచ్ఛ ఎంత మిగులుతుంది? పూర్వం గుడ్డ చాటున చేతులు కలిపి, వేళ్ళ సంజ్ఞలతో ధర తేల్చేవారు. ఎదుటనే నిలిచి ఉన్న రైతుకు అది చిట్టచివరకు తెలిసేది. ఆపైన తూకం కూలి, ధర్మాదాయం, గోశాల చందా వంటి కోతలు! పుణ్యం వర్తకునిది, సొమ్ము రైతుది.

వర్తకులు తీవ్రంగా ప్రతిఘటించినప్పటికీ, మంత్రి ఛోటూరామ్ పట్టుదలతో 1939లో పంజాబు వ్యవసాయోత్పత్తుల మార్కెట్ల చట్టం వచ్చింది. లైసెన్సులు తప్పనిసరి అయ్యాయి. మార్కెట్ కమిటీలలో రైతులకు స్థానం లభించింది.

1965లో భారత ఆహార సంస్థ ఏర్పడి, కనీస మద్దతు ధరకు గోధుమల సేకరణ విస్తరించడంతో ఈ పట్టణాల రూపమే మారింది. లూధియానా జిల్లాలోని ఖన్నా మండీ ఆసియాలోకెల్లా పెద్దదని ప్రసిద్ధి. ఏప్రిల్‌లో అక్కడ గోధుమ రాశుల మధ్య నడవడానికి దారి ఉండదు. బస్తాలెత్తే కూలీలలో బీహారు, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవారు ఎందరో. ట్రాక్టరు మరమ్మతు, ఎరువులు, వస్త్రాలు, చివరకు మిఠాయి దుకాణాలు సైతం ఆ కొద్ది వారాల రాబడిపైనే ఆధారపడతాయి.

పంజాబులో 2021 నుంచి ప్రభుత్వ సేకరణ సొమ్ము ఆఢతియా చేతిమీదుగా కాక, నేరుగా రైతు బ్యాంకు ఖాతాకు చేరుతున్నది. అప్పుల ఖాతా మాత్రం ఇంకా ఆ దుకాణంలోనే ఉన్న రైతులు తక్కువమంది కారు.