గృహ గోప్యత: అలీగఢ్ ఆచార్యుని ఉదంతం

ఇంటి తలుపు మూసుకునే హక్కు ఎవరికి ఉన్నది? సజ్జనుడని పేరు పొందినవానికి మాత్రమే ఉన్నదా, లేక తప్పు చేస్తున్నాడని సమాజం భావించే మనిషికి కూడా ఉన్నదా? ధర్మశాస్త్రవేత్తలు శతాబ్దాల క్రితమే చర్చించిన ప్రశ్న ఇది. 2010లో అలీగఢ్‌లో జరిగిన ఒక సంఘటన దీనిని భారతదేశపు చదువరుల ముందు మళ్ళీ నిలిపింది.

సంఘటన

డాక్టర్ శ్రీనివాస రామచంద్ర సిరాస్ మరాఠీ పండితుడు, కవి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో రెండు దశాబ్దాలకు పైగా మరాఠీ బోధించారు. ఆధునిక భారతీయ భాషల శాఖకు అధ్యక్షులుగా పనిచేశారు. ఆయన కవితా సంపుటి ఒకటి మహారాష్ట్రలో సాహిత్య పురస్కారం పొందింది. విశ్వవిద్యాలయ క్వార్టర్స్‌లో ఆయన ఒంటరిగా నివసించేవారు. పదవీ విరమణకు కొద్ది నెలలే మిగిలి ఉండేవి.

2010 ఫిబ్రవరి 8వ తేదీ రాత్రి కొందరు కెమెరాలతో ఆయన ఇంట్లోకి చొరబడ్డారు. ఆయన ఒక రిక్షా కార్మికునితో ఏకాంతంగా ఉన్న దృశ్యాలను చిత్రీకరించారు. మరునాడే విశ్వవిద్యాలయం ఆయనను సస్పెండు చేసింది. తరువాత ఆయన క్వార్టర్స్ విడిచి అద్దె ఇంటికి మారవలసి వచ్చింది.

ఆయన అలహాబాదు హైకోర్టును ఆశ్రయించారు. ఏప్రిల్ 1న న్యాయస్థానం సస్పెన్షన్‌ను నిలిపివేసింది. వ్యక్తి గోప్యత రక్షణకు అర్హమైన హక్కు అన్నది ఆ ఉత్తర్వుకు ఆధారం. వారం తిరగకముందే, ఏప్రిల్ 7న, ఆయన అద్దె ఇంట్లో మరణించి కనిపించారు. అంతకు ముందు విలేఖరులతో మాట్లాడుతూ, ఇంత జరిగినా విశ్వవిద్యాలయం పట్ల తన ప్రేమ తగ్గలేదని ఆయన చెప్పుకున్నారు.

చట్టం ఏమన్నది?

పురుషుల మధ్య సంబంధాన్ని శిక్షార్హం చేసిన 377వ సెక్షన్ బ్రిటిషువారు రూపొందించిన భారత శిక్షాస్మృతిలోనిది. ఆ స్మృతి 1862 జనవరి 1న అమలులోకి వచ్చింది. దానికి నాలుగేళ్ళ ముందు, 1858లో, ఉస్మానియా ఖిలాఫత్ ప్రకటించిన శిక్షాస్మృతిలో ఇటువంటి సెక్షన్ లేకపోవడం గమనించదగ్గది.

2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు, వయోజనులు పరస్పర సమ్మతితో ఏకాంతంలో నెరపే సంబంధం నేరం కాదని తీర్పు ఇచ్చింది. అనగా సిరాస్ ఇంట్లోకి కెమెరాలు వచ్చిన నాటికి ఆ తీర్పు అమలులోనే ఉన్నది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వయోజనుల సమ్మతి గల సంబంధాన్ని నేరాల జాబితా నుంచి తొలగించింది. 2024 జూలై 1న భారత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్ లేనేలేదు.

నిత్యజీవితంలో

చట్టం మారినంత మాత్రాన ఇరుగుపొరుగు మారదు. తమను గే అని చెప్పుకునే పురుషులలో అనేకులు ఆ మాటను ఇంట్లో పలకలేరు. పెళ్ళి ఎప్పుడన్న ప్రశ్న ప్రతి పండుగకూ, ప్రతి శుభకార్యానికీ ఎదురవుతుంది. ఒత్తిడికి లొంగి పెళ్ళి చేసుకున్నవారూ ఉన్నారు. అక్కడ ఏమీ తెలియకుండా కాపురానికి వచ్చిన ఆడపిల్లకు కూడా అన్యాయమే జరుగుతుంది. ఇద్దరు కలిసి కాపురముంటే ఇంటి యజమానికి స్నేహితులమనో, వరుసకు అన్నదమ్ములమనో చెప్పుకుంటారు. ఒకరికి జబ్బు చేస్తే, ఆసుపత్రిలో రెండవవాడు ‘ఏమవుతావు?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేక నిలబడతాడు. గుట్టు రట్టు చేస్తామని బెదిరించి డబ్బు గుంజేవారి భయం సరేసరి.

పెళ్ళికి చట్టబద్ధమైన గుర్తింపు కోరుతూ హైదరాబాదులో నివసించే ఒక జంట సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2023 అక్టోబరు 17న న్యాయస్థానం అందుకు నిరాకరించి, విషయాన్ని శాసనసభలకు విడిచిపెట్టింది. 2024లో కేంద్ర ప్రభుత్వం రేషన్ కార్డు, ఉమ్మడి బ్యాంకు ఖాతా వంటి కొన్ని విషయాలలో ఇటువంటి జంటల పట్ల వివక్ష చూపరాదని సూచనలు పంపింది.

ధర్మశాస్త్ర దృక్పథం

పురుషుల మధ్య లైంగిక క్రియ నిషిద్ధమని నాలుగు మజ్‌హబుల ఫుఖహాలు చెప్పారు. శిక్ష విషయంలో మాత్రం వారి మధ్య భేదాభిప్రాయం ఉన్నది. ఇమాం అబూ హనీఫా (రహ్మ) దీనిని నిర్ణీత శిక్ష అయిన హద్ కిందికి చేర్చక, న్యాయాధికారి విచక్షణకు విడిచిన తాజీర్ కింద ఉంచారు. ఆయన శిష్యులిద్దరూ, ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్, ఇందులో గురువుతో ఏకీభవించలేదు.

అయితే క్రియ నిషిద్ధమా అన్నది ఒక ప్రశ్న. ఇతరుల ఇంట్లోకి తొంగిచూడవచ్చునా అన్నది వేరొక ప్రశ్న. రెండవదానికి దివ్యఖుర్ఆన్ ఇచ్చే సమాధానం స్పష్టమైనది. అల్ హుజురాత్ సూరా 12వ ఆయతు ఇతరుల రహస్యాలను ఆరా తీయడాన్ని నిషేధించింది. అన్నూర్ సూరా 27, 28 ఆయతులు అనుమతి పొంది సలాం చెప్పనిదే పరుల ఇళ్ళలో ప్రవేశించరాదని ఆదేశించాయి. అనుమతి లభించకపోతే తిరిగి వెళ్ళిపోవాలి.

ఇమాం గజాలీ (రహ్మ) ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో హజ్రత్ ఉమర్ (రజి)కు సంబంధించిన ఒక ఉదంతాన్ని పేర్కొన్నారు. ఆయన ఒక ఇంటి గోడ ఎక్కి, లోపలి మనిషిని అనుచితమైన స్థితిలో చూసి మందలించారు. తాను చేసిన తప్పు ఒకటైతే ఖలీఫా చేసినవి మూడని ఆ మనిషి బదులు చెప్పాడు: ఆరా తీశారు, ద్వారం విడిచి గోడ మీదుగా వచ్చారు, సలాం చెప్పలేదు. హజ్రత్ ఉమర్ (రజి) అతనిని పశ్చాత్తాపపడమని చెప్పి విడిచి వెళ్ళారు. చెడును వారించే బాధ్యత గలవాడు బాహాటంగా కనిపించేదానినే వారించాలి తప్ప దాగినదానిని వెదకరాదని గజాలీ నియమం. ‘అల్ అహ్కాముస్సుల్తానియ్యా’లో మావర్దీ చెప్పినదీ ఇంచుమించు ఇదే.

ఈ ఉదంతంలో లోపలి మనిషి చేసినది తప్పు కాదని ఎవరూ అనలేదు. తప్పు చేసినవాడు కూడా ఖలీఫాను నిలదీయగలిగాడు, ఖలీఫా విన్నాడు. గోడ ఇచ్చే రక్షణ లోపలివాని శీలాన్ని బట్టి పెరగదు, తరగదు.

ఆ ప్రమాణంతో చూస్తే 2010 ఫిబ్రవరి 8 నాటి రాత్రి మొదట విచారింపవలసినవారు కెమెరాలతో గడప దాటినవారు. మరునాడు ఉత్తర్వు అందినది మాత్రం ఇంటి యజమానికి. నేడు గోడ ఎక్కవలసిన అవసరం కూడా లేదు. చేతిలోని ఫోను చాలు. ఒక మనిషి ఏకాంతాన్ని చిత్రించి వీధికెక్కించేవాడు, దానిని అందుకుని పదిమందికి పంపేవాడు ఇద్దరూ అల్ హుజురాత్ 12వ ఆయతు ముందు జవాబుదారులే.